అవుట్‌లుక్‌లో మాయమైన బార్లు: ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

"అవుట్‌లుక్‌లో పైన బార్ పోయింది" అన్న కంప్లయింట్‌కి ఆఫీసుల్లో దొరికే మందు చాలాసార్లు ఒక్కటే: మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. పూట గడుస్తుంది, బార్ మాత్రం తిరిగి రాదు. ఎందుకు రాదో తేల్చాలి. హెల్ప్‌డెస్క్‌లో కూర్చున్నవాళ్లు ఫోన్లోనే చదివి చెప్పగలిగేలా ఒక్క పేజీ షీటు తయారు చేయాలి.

పద్ధతి: టెస్ట్ మెషిన్లో ఒక్కో బార్‌ను కావాలనే పోగొట్టడం, మళ్లీ తెప్పించడం, దేనితో వచ్చిందో రాసుకోవడం.

సరంజామా: విండోస్ 11 ల్యాప్‌టాప్ ఒకటి, దానికో బయటి మానిటర్, మైక్రోసాఫ్ట్ 365లో వచ్చే క్లాసిక్ అవుట్‌లుక్ (64-బిట్), ఈ పనికోసమే తెరిచిన విండోస్ యూజర్, ఉత్తుత్తి మెయిల్‌బాక్సు. పాతకాలం కేసులకు వర్చువల్ మెషిన్లో అవుట్‌లుక్ 2007.

1వ రోజు: ఏ బార్ పోయింది?

ఈ రోజంతా పేర్లతోనే సరిపోయింది, కానీ ఇది తేలకుండా మౌస్ ముట్టుకోవడం దండగ. యూజర్ "మెనూ" అంటాడు, "టూల్‌బార్" అంటాడు, "పైన పట్టీ" అంటాడు. 2007 వరకు మెయిన్ విండోలో నిజంగానే మెనూ బార్, దాని కింద టూల్‌బార్లు ఉండేవి. 2010 నుంచి వాటి చోట రిబ్బన్ వచ్చింది: పైన ట్యాబ్‌ల పేర్లు, కింద బటన్ల పట్టీ. మాట మాత్రం పాతదే నిలిచిపోయింది. కొందరు టూల్‌బార్ అనేది ఎడమవైపు ఫోల్డర్ల పేన్‌ని. ఇంకొందరు మెయిళ్ల జాబితా పైనుండే ఫ్రమ్, సబ్జెక్ట్ వరసని.

అందుకే షీట్లో మొదటి ప్రశ్న ఇది: "సార్, విండో పైన ఎడమ మూల ఫైల్ అన్న మాట కనబడుతోందా?"

క్లాసిక్ అవుట్‌లుక్‌లో ఫైల్ ట్యాబ్‌ని సెట్టింగుల్లో టిక్కు తీసి దాచే వీల్లేదు. కాబట్టి జవాబును బట్టి దారులు విడిపోతాయి. ఫైల్, హోమ్ లాంటి పేర్లున్నాయి గాని కింద బటన్లు లేవంటే రిబ్బన్ ముడుచుకుంది. ఫైల్ అన్న మాటే లేదంటే ఫుల్-స్క్రీన్ మోడ్. ఫైల్ ఉంది, హోమ్ లేదంటే ఎవరో మార్చారు. అన్నీ ఉండి మసగ్గా ఉన్నాయంటే లైసెన్సో, పాలసీయో (ఆఫీసు ఐటీవాళ్లు పెట్టిన కట్టడి). అన్నీ బాగానే ఉండి ఒక్క బటన్ మాత్రం కరవైందంటే, అవుట్‌లుక్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం, అదే యాడ్‌-ఇన్ పడిపోయింది.

2వ రోజు: ముడుచుకున్న రిబ్బన్

హోమ్ అన్న పేరు మీద డబుల్ క్లిక్ చేశాం. రిబ్బన్ ముడుచుకుంది. ఎక్కువమందికి జరిగేది ఇదే. ఒకసారి నొక్కితే చాలినచోట రెండుసార్లు నొక్కడం, అంతే.

ముడుచుకున్నాక హోమ్ మీద ఒకసారి నొక్కితే రిబ్బన్ కిందికి జారుతుంది, ఏ మెయిల్ మీదో నొక్కగానే మళ్లీ పోతుంది. "వస్తోంది, పోతోంది మేడమ్, వైరస్ ఏమో" అని ఫోన్ వస్తే ఇదేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

తిరిగి తెప్పించే దారులు మూడు, మూడూ పనిచేశాయి:

ట్యాబ్ పేరు మీద మళ్లీ డబుల్ క్లిక్.

కంట్రోల్+ఎఫ్1.

ట్యాబ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి "కొలాప్స్ ద రిబ్బన్" ముందున్న టిక్కు తీసేయడం.

రెండోదానిలో చిన్న పేచీ. టెస్ట్ ల్యాప్‌టాప్‌లో కంట్రోల్+ఎఫ్1 కొడితే రిబ్బన్ కదల్లేదు, స్పీకర్ మ్యూట్ అయింది. చాలా ల్యాప్‌టాప్‌ల పై వరస కీలు మామూలుగా వాల్యూమ్, వెలుతురు పనులు చేస్తాయి; ఎఫ్1గా పనిచేయాలంటే ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. షీట్లో "కంట్రోల్+ఎఫ్1, పలక్కపోతే ఎఫ్ఎన్+కంట్రోల్+ఎఫ్1" అని రాశాం. డిస్‌ప్లే భాష తెలుగు పెట్టుకున్నవాళ్లకి మెనూ పేర్లు వేరేగా కనబడతాయి గనుక ఫోన్లో చెప్పడానికి ఈ కీ జతే నయం.

ఫుల్-స్క్రీన్ మోడ్ దీనికి పెద్దన్న. రిబ్బన్ కుడి కొసన ఉండే చిన్న కింది బాణం నొక్కి "ఫుల్-స్క్రీన్ మోడ్" ఎంచుకున్నాం. ట్యాబ్‌ల పేర్లు కూడా పోయాయి. విండో పై అంచున నొక్కినా, ఆల్ట్ కొట్టినా కాసేపు తొంగిచూస్తుంది. అలా తొంగిచూసినప్పుడే అదే బాణం పట్టుకుని "ఆల్వేస్ షో రిబ్బన్" ఎంచుకోవాలి. కొన్ని పాత వెర్షన్లలో ఇదే ఆప్షన్ మినిమైజ్ గుర్తు పక్కన, పైకి బాణమున్న చిన్న చతురస్రంలో ఉంటుంది. అక్కడ దీని పేరు "ఆటో-హైడ్ రిబ్బన్".

అదే బాణం కింద సింప్లిఫైడ్ రిబ్బన్, క్లాసిక్ రిబ్బన్ అని రెండున్నాయి. సింప్లిఫైడ్ అంటే ఒకే వరస. చోటు చాలని బటన్లు కుడివైపు మూడు చుక్కల వెనక్కి వెళతాయి. "సగం బటన్లు పోయాయి" అన్న కంప్లయింట్‌కి షీట్లో ముందు ఇది చూడమని రాశాం.

విండోని చేత్తో లాగి బాగా కుదించినా రిబ్బన్ తప్పుకుంటుంది. విండో పెద్దది చేస్తే వచ్చేస్తుంది, అంతకంటే చెప్పేదేం లేదు.

3వ రోజు: హోమ్ ట్యాబ్ లేదు, ఇన్‌స్టాల్ చేసినా లేదు

ప్రాజెక్టు పుట్టిందే ఈ కేసు కోసం, కాబట్టి తీరిగ్గా చేశాం.

ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్. కుడివైపు జాబితాలో "హోమ్ (మెయిల్)" ముందున్న టిక్కు తీసేసి ఓకే. హోమ్ ట్యాబ్ మాయం. ఎడమవైపు క్యాలెండర్ గుర్తు నొక్కి చూస్తే అక్కడ హోమ్ నిక్షేపంలా ఉంది. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. అవుట్‌లుక్ లెక్కలో మెయిల్‌కి ఒక హోమ్, క్యాలెండర్‌కి ఒక హోమ్, కాంటాక్ట్స్‌కి ఒక హోమ్. దేని టిక్కు దానిదే. మెయిల్‌లో లేకుండా క్యాలెండర్‌లో ఉందంటే ప్రోగ్రాం పాడవలేదు, టిక్కు పోయింది.

తర్వాత కంట్రోల్ ప్యానెల్ నుంచి క్విక్ రిపేర్. హోమ్ రాలేదు. ఆన్‌లైన్ రిపేర్ కూడా చేశాం, ఇది నెట్ నుంచి మళ్లీ దింపుకుంటుంది. రాలేదు. మొత్తం తీసేసి, మెషిన్ రీస్టార్ట్ చేసి, కొత్తగా ఇన్‌స్టాల్ చేశాం. అవుట్‌లుక్ తెరుచుకుంది. హోమ్ లేదు.

కారణం ఒక చిన్న ఫైలు. యూజర్ చేసిన మార్పులు ప్రోగ్రాం ఫైల్స్‌లో ఉండవు, యూజర్ ఫోల్డర్లో ఉంటాయి. రన్ పెట్టెలో %లోకల్‌యాప్‌డేటా%\మైక్రోసాఫ్ట్\ఆఫీస్ అని కొడితే తెరుచుకునే చోట, పేరు ఓఎల్‌కే అక్షరాలతో మొదలై, ఎక్స్‌టెన్షన్ ఆఫీస్‌యూఐ అని ఉండే ఫైళ్లు కనబడతాయి. ఓఎల్‌కే‌ఎక్స్‌ప్లోరర్ మెయిన్ విండోది. ఓఎల్‌కే‌మెయిల్‌ఐటమ్ కొత్త మెయిల్ రాసే విండోది. ఓఎల్‌కే‌మెయిల్‌రీడ్ వచ్చిన మెయిల్ తెరిచి చదివే విండోది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మామూలు ఎక్స్ఎంఎల్, అంటే సెట్టింగులను గుర్తుల మధ్య అక్షరాల్లో రాసుకునే ఫైలు. మెయిల్ ట్యాబ్ పేరు పక్కన "విజిబుల్" విలువ "ఫాల్స్" అని రాసి ఉంది. అన్‌ఇన్‌స్టాలర్ ఈ ఫోల్డర్ జోలికి రాదు. కొత్తగా ఎక్కిన అవుట్‌లుక్ బుద్ధిగా పాత ఫైలు చదివి, హోమ్‌ని బుద్ధిగా దాచింది.

మరమ్మతు, ఈ వరసలోనే:

అవుట్‌లుక్ మూయాలి. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ కింద అవుట్‌లుక్ ప్రాసెస్ నిజంగా పోయిందో లేదో చూడాలి. నడుస్తుండగా ఫైలు పేరు మారిస్తే, మూసేటప్పుడు మెమరీలో ఉన్న పాత సెట్టింగునే మళ్లీ రాసేసే ప్రమాదం ఉంది.

ఓఎల్‌కే‌ఎక్స్‌ప్లోరర్ ఫైలు పేరు చివర ".ఓల్డ్" తగిలించాలి. డిలీట్ వద్దు. తరచు వాడే బటన్ల చిన్న వరస, అంటే క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లో యూజర్ ఏళ్ల తరబడి చేర్చుకున్న బటన్ల జాబితా కూడా ఇదే ఫైల్లో ఉంటుంది. డిలీట్ చేస్తే హోమ్ వస్తుంది గాని అవి పోతాయి. ఓల్డ్ ఉంటే వెనక్కి తెచ్చుకోవచ్చు.

అవుట్‌లుక్ తెరవాలి. అసలు రిబ్బన్ వస్తుంది.

ఒక్క టిక్కే పోయిందని ముందే తెలిస్తే ఇంత దూరం అక్కర్లేదు. కస్టమైజ్ రిబ్బన్‌లో టిక్కు పెట్టేస్తే అయిపోయింది. అదే పేజీ అడుగున "రీసెట్" కింద "రీసెట్ ఓన్లీ సెలెక్టెడ్ రిబ్బన్ ట్యాబ్" అని ఉంది, మొదట అదే వాడాలి. దాని కిందిది అన్నిటినీ తుడిచేస్తుంది. పక్కనున్న "ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్" తో ముందు ఒక కాపీ తీసి పెట్టుకుంటే నిశ్చింత. పేరు మార్చే పద్ధతి ఎక్స్ఎంఎల్ ఫైలే చెడిపోయినప్పటికి.

2007 వర్చువల్ మెషిన్లో ఇదే జబ్బుకి ఫైలు వేరు: %యాప్‌డేటా%\మైక్రోసాఫ్ట్\అవుట్‌లుక్‌లో అవుట్‌సీఎండీ.డాట్. పేరు మార్చగానే స్టాండర్డ్ టూల్‌బార్ యథాస్థానానికి వచ్చింది. 2010 తర్వాతి వెర్షన్లు ఈ ఫైలు వాడవు. పాత సలహా చదివి కొత్త మెషిన్లో దీన్ని వెతికితే దొరకదు. 2007కి సపోర్ట్ 2017 అక్టోబరులోనే ఆగిపోయింది గనుక షీట్లో దీనికి ఒక్క లైనే ఇచ్చాం.

4వ రోజు: ఎడమవైపు

పొద్దున ఆల్ట్+ఎఫ్1. ఫోల్డర్ పేన్ సన్నబడింది, మళ్లీ కొడితే పూర్తిగా పోయింది, మళ్లీ కొడితే వచ్చింది. ఆల్ట్+ఎఫ్4 కొట్టబోయి వేలు జారినా ఇంతే. వ్యూ ట్యాబ్‌లో ఫోల్డర్ పేన్ నొక్కి "నార్మల్" పెట్టినా సరిపోతుంది.

మెయిల్, క్యాలెండర్ గుర్తులు ముందు అడుగున ఉండేవి, 2022 నుంచి ఎడమ అంచుకి మారడం మొదలైంది. "కింద బార్ పోయింది" అన్న కంప్లయింట్ ఇదే అయ్యుండొచ్చు. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో "షో యాప్స్ ఇన్ అవుట్‌లుక్" టిక్కు ఉంటే, అది తీసి అవుట్‌లుక్ మూసి తెరిస్తే కిందికి దిగుతాయి.

మధ్యాహ్నం అసలు చిక్కు. %యాప్‌డేటా%\మైక్రోసాఫ్ట్\అవుట్‌లుక్‌లో ప్రొఫైల్ పేరుతోనే ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు ఉంటుంది, ఫోల్డర్ పేన్ సెట్టింగులకు సంబంధించింది. ప్రొఫైల్ పేరు అవుట్‌లుక్ అయితే ఫైలు పేరూ అవుట్‌లుక్.ఎక్స్ఎంఎల్. ఇది చెడితే పేన్ ఖాళీగా రావచ్చు, ఒక్కోసారి అవుట్‌లుక్ విండోయే తెరవలేనంటుంది. కరెంటు పోయి మెషిన్ ఠపీమని ఆగినప్పుడు ఇలాంటివి జరుగుతాయి. చూడాల్సింది ఫైలు సైజు: 0 కేబీ ఉంటే దొంగ దొరికినట్టే.

దీనికి మందు రన్ పెట్టెలో "అవుట్‌లుక్.ఎగ్జీ /రీసెట్‌నావ్‌పేన్". ఎగ్జీ తర్వాత ఒక ఖాళీ, స్లాష్ తర్వాత మాటంతా ఒకే ముక్క, లోపల ఖాళీ ఉండకూడదు. ఇది పేన్‌ని మొదట్నుంచీ కట్టిస్తుంది, ఆ కట్టడంలో ఫేవరిట్స్‌లో పెట్టుకున్న ఫోల్డర్లూ షార్ట్‌కట్లూ పోతాయి. మెయిళ్లు పోవు. పేన్ కనబడుతూనే ఉంటే ముందు ఫేవరిట్స్ జాబితా స్క్రీన్‌షాట్ తీసుకోమని షీట్లో ఎర్ర అక్షరాల్లో పెట్టాం.

దీని పక్కనే ఉండే "/క్లీన్‌వ్యూస్" తో జాగ్రత్త. అది యూజర్ కట్టుకున్న వ్యూలన్నిటినీ (మెయిళ్ల జాబితాలు చూపే అమరికల్ని) చెరిపేస్తుంది. కాలమ్ ఒకటి పోయిందని దాన్ని వాడటం పేనుకు పెత్తనమిచ్చినట్టే. ఆ ఒక్క ఫోల్డర్లో నిలబడి వ్యూ ట్యాబ్‌లో "రీసెట్ వ్యూ" నొక్కితే చాలు.

5, 6 రోజులు: ఒక్క బటనే లేదు

రెండు రోజులు పట్టింది. కారణాలు ఎక్కువ, బయటికి కనబడే లక్షణం మాత్రం ఒక్కటే.

మొదట "అవుట్‌లుక్.ఎగ్జీ /సేఫ్". లేదా కంట్రోల్ పట్టుకుని అవుట్‌లుక్ గుర్తు నొక్కితే సేఫ్ మోడా అని అడుగుతుంది. సేఫ్‌లో యాడ్‌-ఇన్‌లు ఎక్కవు, టూల్‌బార్ మార్పులూ ఎక్కవు. అందువల్ల "సేఫ్‌లో బాగుంది, కాబట్టి యాడ్‌-ఇన్‌దే తప్పు" అన్న మాట సగమే నిజం. 3వ రోజు ఫైలుదీ కావచ్చు. రెంటినీ విడివిడిగా పరీక్షించాలి.

టెస్టుకి పీడీఎఫ్ తయారుచేసే యాడ్‌-ఇన్ ఒకటి తీసుకున్నాం. ఫైల్, ఆప్షన్స్, యాడ్‌-ఇన్స్. అడుగున "మేనేజ్" దగ్గర "కామ్ యాడ్‌-ఇన్స్" (మెషిన్లో ఇన్‌స్టాల్ చేసే రకం) ఉంచి "గో". టిక్కు లేకపోతే పెట్టడం. పెట్టి ఓకే కొట్టాక మళ్లీ అదే పెట్టె తెరిచి చూడాలి. టిక్కు మళ్లీ పోయి ఉంటే, పేరు నొక్కి కింద "లోడ్ బిహేవియర్" లైను చదవాలి. లోడ్ అవుతుండగా రన్‌టైమ్ ఎర్రర్ వచ్చిందని ఉంటే టిక్కు ఎన్నిసార్లు పెట్టినా లాభం లేదు, యాడ్‌-ఇన్‌నే రిపేర్ చేయాలి.

రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) చూడాలంటే హెచ్‌కే కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, ఆఫీస్, అవుట్‌లుక్, యాడిన్స్. ఒక్కో యాడ్‌-ఇన్‌కి ఒక కీ, అందులో "లోడ్‌బిహేవియర్". 3 ఉంటే అవుట్‌లుక్‌తోపాటే ఎక్కుతుంది. 2 అంటే ఎక్కదు. చాలాసార్లు ఎక్కబోయి బోర్లాపడినప్పుడు అవుట్‌లుకే 3ని 2 చేస్తుంది. కొందరు యాడ్‌-ఇన్ తయారీదార్లు అందరు యూజర్లకూ కలిపి హెచ్‌కే లోకల్ మెషిన్ కింద రాస్తారు, కాబట్టి ఇక్కడ కనబడకపోతే అక్కడ చూడాలి.

అవుట్‌లుక్ 2013 నుంచి ఇంకో కాపలాదారు ఉన్నాడు. వరసగా 5 సార్లు తెరిచినప్పుడు యాడ్‌-ఇన్ ఎక్కడానికి పట్టిన టైమ్‌లో మధ్య విలువ 1000 మిల్లీసెకన్లు, అంటే 1 సెకను దాటితే, ఆ యాడ్‌-ఇన్‌ని ఆపేస్తాడు. పాత హార్డ్ డిస్క్ మెషిన్లలో "నిన్నటిదాకా ఉంది, ఇవాళ లేదు" అన్న బటన్ల విషయంలో ముందు దీన్నే అనుమానించాలి. ఎవరూ ఏమీ ముట్టుకోలేదన్న యూజర్ మాట ఇక్కడ నిజమే.

నిజమో కాదో ఈవెంట్ వ్యూయర్ చెబుతుంది. విండోస్ లాగ్స్, అప్లికేషన్, సోర్స్ అవుట్‌లుక్, ఈవెంట్ ఐడీ 45. ఒక్కో యాడ్‌-ఇన్ పేరు కింద బూట్ టైమ్ మిల్లీసెకన్లలో రాసి ఉంటుంది. టెస్టు యాడ్‌-ఇన్ లెక్క అక్కడే దొరికింది, హద్దు దాటి ఉంది.

ఆపేసినదాన్ని తెరవడం: ఫైల్, ఇన్ఫో పేజీలో "స్లో అండ్ డిసేబుల్డ్ కామ్ యాడ్‌-ఇన్స్" బటన్. అక్కడ "ఆల్వేస్ ఎనేబుల్ దిస్ యాడ్‌-ఇన్" నొక్కితే కాపలాదారు దాని జోలికి రాడు. ఏమీ ఆపేసి ఉండకపోతే ఈ బటన్ కనబడకపోవచ్చు, కంగారుపడొద్దు. అన్నిటికీ ఇలా నొక్కుకుంటూ పోతే అవుట్‌లుక్ తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చు. అవసరమైన ఒకటి రెండిటికే.

6వ రోజు చివర 32, 64 గొడవ. 64-బిట్ అవుట్‌లుక్ 32-బిట్ డీఎల్ఎల్ యాడ్‌-ఇన్‌ని ఎక్కించలేదు. 2019 నుంచి ఆఫీస్ తనంతట తాను ఎంచుకునేది 64-బిట్టే. పాత మెషిన్ మార్చి కొత్తది ఇచ్చినప్పుడు "అన్నీ వచ్చాయి, ఆ ఒక్క బటన్ రాలేదు" అంటే ముందు ఫైల్, ఆఫీస్ అకౌంట్, "అబౌట్ అవుట్‌లుక్" నొక్కి పై లైన్లో బిట్ చూడాలి. తర్వాత యాడ్‌-ఇన్ తయారీదారు దగ్గర 64-బిట్ వెర్షన్ ఉందేమో కనుక్కోవాలి. రిజిస్ట్రీలో ఎంత తవ్వినా ఇది మారదు.

7వ రోజు: మసక బటన్లు, కొత్త అవుట్‌లుక్

బటన్లున్నాయి, నొక్కితే పలకవు. టైటిల్ బార్‌లో "అన్‌లైసెన్స్‌డ్ ప్రోడక్ట్" అని ఉంటే అక్కడితో ఆగాలి. ఫైల్, ఆఫీస్ అకౌంట్‌లో సైన్-ఇన్ సరిచేయడమే పని. అది లేకుండా ఒకటి రెండు కమాండ్లే మసగ్గా ఉంటే గ్రూప్ పాలసీ. కమాండ్ ప్రాంప్ట్‌లో జీపీరిజల్ట్‌కి /హెచ్ ఇచ్చి, పక్కన ఫైలు పేరు రాస్తే హెచ్‌టీఎంఎల్ రిపోర్టు వస్తుంది. "డిసేబుల్ ఐటమ్స్ ఇన్ యూజర్ ఇంటర్‌ఫేస్" అన్న మాట వెతకాలి. కనబడితే హెల్ప్‌డెస్క్ చేసేదేం లేదు, డొమైన్ చూసేవాళ్లకి పంపాలి. రిజిస్ట్రీలో చెరిపినా పాలసీ రిఫ్రెష్ కాగానే తిరిగొస్తుంది.

కొత్త అవుట్‌లుక్ అసలు వేరే ప్రోగ్రామే. క్లాసిక్ కుడి పై మూల "ట్రై ద న్యూ అవుట్‌లుక్" స్విచ్ పొరపాటున నొక్కితే అది తెరుచుకుంటుంది. కామ్ యాడ్‌-ఇన్‌లు అందులో నడవవు, వెబ్ యాడ్‌-ఇన్‌లు మాత్రమే. ఇప్పటిదాకా రాసిన ఫైళ్లూ స్లాష్ కమాండ్లూ దానికి వర్తించవు. ఏది నడుస్తోందో టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో తెలుస్తుంది: క్లాసిక్ అయితే అవుట్‌లుక్.ఎగ్జీ, కొత్తదైతే ఓఎల్‌కే.ఎగ్జీ. స్విచ్ వెనక్కి తిప్పితే క్లాసిక్ వస్తుంది. ఈ తనిఖీని షీట్లో అన్నిటికంటే పైకి, ఫైల్ ప్రశ్న కంటే ముందుకి జరిపాం.

8వ రోజు: బ్యాచ్ ఫైలు

3వ రోజు మరమ్మతుకి చిన్న బ్యాచ్ ఫైలు (కమాండ్లను వరసగా నడిపే ఫైలు) రాశాం. అవుట్‌లుక్ నడుస్తోందేమో చూస్తుంది; నడుస్తుంటే "మూసి రండి" అని చెప్పి ఆగుతుంది. బలవంతంగా చంపదు, రాస్తున్న మెయిల్ పోగొట్టే హక్కు మనకి లేదు. మూసి ఉంటే ఓఎల్‌కే ఆఫీస్‌యూఐ ఫైళ్లన్నిటినీ తేదీ పేరుతో ఒక ఫోల్డర్లోకి కాపీ చేసి, అసలువాటికి ఓల్డ్ తగిలిస్తుంది.

టెస్ట్ యూజర్‌లో డబుల్ క్లిక్ చేస్తే పనిచేసింది. అలవాటు ప్రకారం రైట్ క్లిక్, "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" చేసి, అడ్మిన్ అకౌంట్ పాస్‌వర్డ్ ఇచ్చి చూస్తే "ఫైళ్లు లేవు" అంది. ఫైళ్లు అక్కడే ఉన్నాయి. వేరే అకౌంట్‌తో నడిపితే %లోకల్‌యాప్‌డేటా% ఆ అడ్మిన్ ఫోల్డర్‌ని చూపిస్తుంది, హెచ్‌కే కరెంట్ యూజర్ కూడా ఆ అడ్మిన్‌దే అవుతుంది. అంటే 5వ రోజు లోడ్‌బిహేవియర్ కూడా అలా తెరిచిన రిజిస్ట్రీ ఎడిటర్‌లో మారిస్తే మారేది అడ్మిన్ అవుట్‌లుకే, యూజర్‌ది కాదు. బ్యాచ్ మొదట్లో ఎవరి పేరుతో నడుస్తోందో చూపించే లైను ఒకటి చేర్చి, ఫైలు పేరునే "అడ్మిన్‌గా నడపొద్దు" అని మార్చాం.